కనబడలేదా, చూడలేదా? ఒక సైకిల్ ప్రమాదం దర్యాప్తు

"నాకు కనబడలేదండీ. రెండు పక్కలా చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. ఆవిడ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలీదు."

ప్రమాదం జరిగిన గంటలోపు కారు డ్రైవరు ఇచ్చిన వాంగ్మూలంలో మొదటి నాలుగు ముక్కలు ఇవే. రోడ్డు ప్రమాదాలు ఎలా జరిగాయో కొలతలతో, లెక్కలతో తిరిగి కట్టి చూపించడం నా వృత్తి. కారు సైకిల్‌ను గుద్దిన కేసుల్లో ఈ మాట వినని ఫైలు నా బల్ల మీదకు అరుదుగా వస్తుంది. దీన్ని అబద్ధం అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. పాపం నిజమే చెప్తున్నాడు కదా అని అక్కడితో వదిలేసేవాళ్ళూ ఉన్నారు. నా దృష్టిలో ఇద్దరూ దర్యాప్తు చెయ్యనట్టే. కనబడకపోవడం వేరు, చూడకపోవడం వేరు. మొదటిదానికి కారణం కంట్లోనో, కారులోనో, రోడ్డు మీదో దొరుకుతుంది. రెండోదానికి మనిషే జవాబు చెప్పుకోవాలి. ఈ కేసులో ఆ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. విడదీయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

పేర్లు, చోటు తీసేశాను. కొలతలు మార్చలేదు.

ఆ కూడలి

పట్టపగలు, పదకొండున్నర ప్రాంతం. వాన లేదు, మంచు లేదు, ఎండ కళ్ళల్లో కొట్టే వేళ కాదు. ఒక మూలనున్న పొదలు తప్ప చుట్టూ ఖాళీ నేల ఉన్న నాలుగు రోడ్ల కూడలి. రెండు రోడ్లూ దాదాపు లంబకోణంలో కలుస్తాయి. కారు వచ్చిన రోడ్డుకి గివ్ వే బోర్డు, అంటే అడ్డంగా వచ్చేవాళ్ళకు దారి ఇమ్మనే బోర్డు, ఉంది, కింద తెల్ల గీత కూడా చెరిగిపోకుండా ఉంది. సైకిల్ వచ్చింది ప్రధాన రోడ్డు మీద, డ్రైవరు కూర్చునే వైపు నుంచి. ముందు వెళ్ళే హక్కు సైకిల్‌దే. దాని మీద ఎవరికీ పేచీ లేదు.

డ్రైవరుకు 58 ఏళ్ళు. తాగలేదు. ఆ రోడ్డు మీద అనుమతించిన వేగం 50 కిలోమీటర్లు, ఆయన అంతకన్నా తక్కువలోనే ఉన్నానని చెప్పారు. సైకిల్ మీద ఉన్నావిడకు 41 ఏళ్ళు, రోజూ పనికి అదే దారిలో వెళ్తారు. హెల్మెట్ పెట్టుకున్నారు, ముదురు ఆకుపచ్చ జాకెట్ వేసుకున్నారు. ఆ రోజు ఉదయం ఇంట్లోంచి బయల్దేరింది ఆమెకు గుర్తుంది. తర్వాత గుర్తున్నది ఆస్పత్రి పైకప్పు. మధ్యలో ఏమీ లేదు.

తలకు దెబ్బ తగిలిన కేసుల్లో ఇది పెద్ద చిక్కు. గుద్దిన మనిషికి అంతా గుర్తుంటుంది, గుద్దించుకున్న మనిషికి ఏమీ గుర్తుండదు. ఫైలులో ఒక్కరి కథే మిగులుతుంది. అది నిజాయితీగా చెప్పిన కథే అయినా, ఒక పక్క నుంచి చెప్పినదే. ఆమె తరఫున మాట్లాడాల్సింది సైకిల్, రోడ్డు, ఆమె ఒంటి మీది గాయాలు.

నిజం చెప్పాలంటే, ఫైలు తెరిచిన రోజు నేను కూడా ఫోనే అనుకున్నాను. చుట్టూ అంత ఖాళీ ఉన్న కూడలిలో, పట్టపగలు, కళ్ళ ముందున్న మనిషి కనబడలేదంటే ఇంకేముంటుంది? పోలీసులు తెప్పించిన ఫోన్ రికార్డు చూశాక ఆ అనుమానం పోయింది. చివరి కాల్ నలభై నిమిషాల ముందుది. ఆ తర్వాత స్క్రీన్ కూడా వెలగలేదు. అనుమానం తప్పని తేలడం దర్యాప్తులో మంచి విషయమే, కానీ అప్పుడు అసలు ప్రశ్న ఇంకా బరువెక్కింది.

సైకిల్ చెప్పింది

మొదట వచ్చిన కానిస్టేబుల్ మంచి పని ఒకటి చేశాడు. సైకిల్‌ని నడిపించుకుంటూ పక్కకు తీసుకెళ్ళలేదు. ఫొటోలు తీసి, ఎత్తి, అలాగే వ్యాన్‌లో పెట్టించాడు. సైకిల్‌ని పది అడుగులు దొర్లిస్తే చాలు, పెడల్ స్థానం మారిపోవచ్చు, గొలుసు జారిపోవచ్చు. నేను చూసేటప్పటికి గొలుసు ముందు 50 పళ్ళ చక్రం మీద, వెనక 17 పళ్ళ చక్రం మీద ఉంది. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు 2.94 సార్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు. అంటే చుట్టుకు ఆరు మీటర్ల పైచిలుకు. మామూలుగా తొక్కే మనిషి నిమిషానికి 65 సార్లు తొక్కితే గంటకు 24 కిలోమీటర్లు అవుతుంది.

ఈ లెక్క ఒక్కటే అయితే ఎవరైనా కాదనొచ్చు. అదృష్టం కొద్దీ హ్యాండిల్ మీద చిన్న జీపీఎస్ మీటరు ఉంది. అది సెకనుకో కొలత రాసుకుంటుంది. చివరి ఇరవై సెకన్లలో వేగం 23కీ 25కీ మధ్యే ఉంది. "రేసులో వెళ్తున్నట్టు వచ్చింది" అని డ్రైవరు తర్వాత ఇచ్చిన రెండో వాంగ్మూలంలో ఒక మాట ఉంది. అది ఆయన చూసిన సంగతి కాదు, చూడని దానికి మనసు తర్వాత చెప్పుకున్న కారణం. దీనికి నేను ఆయన్ని తప్పుపట్టను. కానీ రిపోర్టులో ఆ మాట నిలబడకూడదు.

కారు వేగం తెలుసుకోవడం కష్టమైంది. ఈ కాలపు కార్లలో ప్రమాదానికి ముందు సెకన్ల వేగాన్ని, బ్రేకుని రాసిపెట్టే రికార్డరు ఉంటుంది, అది చూస్తే సరిపోతుంది కదా అని లాయర్లు అడుగుతుంటారు. చాలా సైకిల్ కేసుల్లో అందులో ఏమీ ఉండదు. కారు వేగంలో ఒక్కసారిగా పెద్ద మార్పు వస్తేనే ఆ రికార్డరు మేలుకుంటుంది. టన్నున్నర బరువున్న కారుకి సైకిలూ మనిషీ తగిలితే కారు వేగం అంతగా తగ్గదు. మనిషి ఎముకలు విరుగుతాయి, యంత్రానికి తెలియను కూడా తెలియదు. ఇక్కడా అంతే, రికార్డరు ఖాళీ.

ఆదుకున్నది ఎదుటి రోడ్డులో ఆగి ఉన్న ఇంకో కారు డాష్‌క్యామ్. సెకనుకు 30 ఫ్రేములు. రోడ్డు మీద ఒక మ్యాన్‌హోల్ మూత నుంచి గివ్ వే గీత వరకు నేను టేపు పెట్టి కొలిచాను, 6.7 మీటర్లు. కారు ముందు చక్రం ఆ దూరం దాటడానికి 18 ఫ్రేములు పట్టింది, అంటే 0.6 సెకను. గంటకు 40 కిలోమీటర్లు. ఒక ఫ్రేము అటో ఇటో అయితే 38 నుంచి 43 మధ్య. నేను ఎప్పుడూ ఒకే అంకె రాయను, ఈ హద్దులు రాస్తాను. కోర్టులో నిలబడేది అదే. వెనకటి ఫ్రేముల్ని బట్టి చూస్తే, 50 దగ్గర వస్తూ కాలు కొంచెం పైకెత్తి 40కి తగ్గారు, ఆ తర్వాత అదే వేగంలో గీత దాటేశారు. ఆయన మనసులో ఆయన "స్లోగా" వచ్చారు. 50 నుంచి వచ్చిన మనిషికి 40 నెమ్మదిగానే ఉంటుంది.

మూడు సెకన్లు

ఓడలు నడిపేవాళ్ళకు ఒక పాత సూత్రం ఉంది. దూరంగా ఇంకో ఓడ కనిపిస్తోంది, అది ఉన్న దిక్కు మారకుండా దగ్గరవుతూనే ఉందంటే, గుద్దుకోబోతున్నాం అని అర్థం. 1972లో అంతర్జాతీయంగా కుదిరిన సముద్రయాన నిబంధనల్లో ఏడో నిబంధన ఇదే చెప్తుంది. రెండు రోడ్లు కలిసే చోట కూడా లెక్క అదే. ఇద్దరూ తమ తమ వేగం మార్చకుండా ఒకే బిందువు వైపు వస్తుంటే, ఒకరికి ఇంకొకరు ఎప్పుడూ ఒకే కోణంలో ఉంటారు. చూపులో పక్కకు కదలరు, మెల్లగా పెద్దవుతారంతే. మన కంటి చివర చూపు కదిలేదాన్ని ఇట్టే పడుతుంది, కదలనిదాన్ని వదిలేస్తుంది.

దీనికి తోడు కారులో ఏ-పిల్లర్ ఉంటుంది. ముందు అద్దానికీ తలుపుకీ మధ్య పైకప్పుని మోసే స్తంభం. కారు పల్టీ కొట్టినప్పుడు లోపలివాళ్ళను కాపాడాలని దాన్ని గట్టిగా చేస్తారు. గట్టితనం కోసం చాలా కార్లలో లావుగా చేస్తారు. ఐక్యరాజ్య సమితి వాహన నిబంధన 125 ప్రకారం, రెండు కళ్ళతో చూసినప్పుడు ఆ పిల్లర్ అడ్డుపడే కోణం 6 డిగ్రీలు దాటకూడదు. ఆరు డిగ్రీలంటే కాగితం మీద ఏమీ కాదనిపిస్తుంది.

స్వాధీనంలో ఉన్న ఆ కారులోనే, సీటు ఎక్కడుందో అక్కడే ఉంచి, డ్రైవరును కూర్చోబెట్టి ఆయన కళ్ళ స్థానం కొలిచాం. తర్వాత పోలీసులు ఒక పూట కూడలిని మూసిచ్చారు. కారును గుద్దిన చోటు నుంచి 33 మీటర్లు వెనక నిలబెట్టాం. గంటకు 40 వేగంలో అది మూడు సెకన్ల దూరం. మా జూనియర్ సైకిల్ పట్టుకుని ప్రధాన రోడ్డు మీద 20 మీటర్ల గుర్తు దగ్గర నిలబడ్డాడు. 24 వేగంలో అది మూడు సెకన్ల దూరం. నేను డ్రైవరు సీట్లో, కళ్ళు కొలిచిన ఎత్తుకు తెచ్చుకుని కూర్చున్నాను.

రోడ్డు ఖాళీగా ఉంది.

ఫోన్‌లో అడిగాను, "నిలబడ్డావా?"

"నిలబడ్డాను సార్. చెయ్యి ఊపుతున్నాను కదా."

మళ్ళీ చూశాను. చెట్లు, స్తంభం, ఖాళీ రోడ్డు. అతను అక్కడే ఉన్నాడు. నాకు తెలుసు, ఫోన్‌లో గొంతు వినబడుతోంది, అయినా కనబడటం లేదు. నలభై మీటర్ల దూరంలో ఆ ఆరు డిగ్రీల నీడ నాలుగు మీటర్ల పైన వెడల్పుంటుంది. అందులో రెండు సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి పడతాయి. ఈ లెక్క నేను చాలా ఏళ్ళుగా కాగితం మీద వేస్తున్నాను. ఆ రోజు సీట్లో కూర్చుని చూస్తే ఒళ్ళు జలదరించింది.

రెండు సెకన్ల గుర్తుకు కారునీ సైకిల్‌నీ జరిపాం. లేదు. ఒకటిన్నర సెకను దగ్గర పిల్లర్ అంచున ముందు టైరు సన్నగా మొదలైంది, సైకిల్ అక్కడుందని తెలిసినవాడికి తప్ప ఇంకెవరికీ కనబడనంత. ఒక సెకను దగ్గర ముందు చక్రం బయటికొచ్చింది, మనిషి ఇంకా పిల్లర్ వెనకే. మనిషి పూర్తిగా బయటపడేది ఆఖరి అర సెకనులో. ఊహించనిదాన్ని చూసి, గుర్తించి, బ్రేకు మీద కాలు వెయ్యడానికి మామూలు డ్రైవరుకు ఒకటిన్నర సెకను పడుతుందని మేం లెక్క వేసుకుంటాం. ఇక మూడున్నర సెకన్లకు ముందు సంగతి అంటే, అప్పుడు ఆమె కూడలి మూలనున్న ఎత్తైన పొదల వెనక ఉన్నారు. పొదల చాటు నుంచి పిల్లర్ చాటుకు వచ్చారు. మధ్యలో సందు లేదు.

అంటే డ్రైవరు చెప్పింది నిజం. ఆయనకు కనబడలేదు.

తర్వాత చేసిన పని చిన్నది, కానీ ఈ రిపోర్టుకు ప్రాణం అదే. మళ్ళీ మూడు సెకన్ల గుర్తుకు వెనక్కి వెళ్ళి, అదే సీట్లో కూర్చుని, ఒక జానెడు ముందుకు వంగాను. సైకిల్ మొత్తం, మనిషితో సహా, పిల్లర్ లోపలి పక్క నుంచి బయటికొచ్చింది. ఊపుతున్న చెయ్యి కనబడింది. పిల్లర్ కంటికి మూరన్నర దూరంలోనే ఉంటుంది కాబట్టి, తల కొంచెం కదిపినా అది చాలా డిగ్రీలు జరుగుతుంది. నలభై మీటర్ల దూరంలో ఉన్న సైకిల్ జరగదు.

ఇంకో లెక్క కూడా వేశాను. ఆయన కూడలి దగ్గరికి 40లో కాక 20లో వచ్చుంటే? సైకిల్ అప్పుడు డ్రైవరు నేరుగా ముందుకు చూసే దిక్కు నుంచి 30 డిగ్రీల దగ్గర కాదు, 50 డిగ్రీల దగ్గర ఉండేది. పక్క కిటికీ అద్దంలోంచి, ఏ అడ్డూ లేకుండా. పైగా 20 వేగంలో స్పందించే సమయంతో కలిపి పదిన్నర మీటర్లలో కారు ఆగిపోతుంది. 40లో అయితే ఇరవై అయిదున్నర కావాలి. వేగం తగ్గించడం అంటే ఆగడానికి వీలు దొరకడం ఒక్కటే కాదు. వేగం మారితే కోణం మారుతుంది, కోణం మారితే పిల్లర్ చాటున దాగినవాళ్ళు బయటపడతారు. డ్రైవింగ్ నేర్పేవాళ్ళు కూడలి దగ్గర స్లో చెయ్యమని చెప్తారు గానీ, ఎందుకో ఇంత విడమరిచి చెప్పగా నేను ఎక్కువ వినలేదు.

గాయాలు

కారు వైపున్న కాలు మోకాలి కింద విరిగింది, రెండు ఎముకలూ. విరిగిన చోటు మడమ నుంచి 38 సెంటీమీటర్లు. బంపర్ మీద పెడల్ గీరిన గుర్తును బట్టి ఆ సమయంలో ఆ కాలు కింద ఉన్న పెడల్ మీద ఉంది, నేలకు 12 సెంటీమీటర్ల ఎత్తులో. మొత్తం 50. ఆ కారు బంపర్ ముందుకు పొడుచుకొచ్చిన భాగం మామూలుగా నిలబడినప్పుడు నేల నుంచి సరిగ్గా అంతే ఎత్తు. గట్టిగా బ్రేకు వేస్తే కారు ముక్కు కొన్ని సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, అప్పుడు దెబ్బ ఇంకా కింద తగిలుండేది. ఈ ఒక్క కొలతతో బ్రేకు వెయ్యలేదని తేల్చను. కానీ రోడ్డు మీద టైరు గీతలు లేవు, వీడియోలో కారు ముక్కు వంగలేదు. మూడూ ఒకే మాట చెప్పాయి.

కాలికి దెబ్బ తగిలాక ఒళ్ళు బానెట్ మీదకు ఒరిగింది. హెల్మెట్ కారు ముందు అద్దం కింది మూలన, పిల్లర్‌కి జానెడు దూరంలో తగిలింది. అద్దం మధ్యలో తగిలితే పగిలి కొంత దెబ్బను మింగుతుంది. పిల్లర్ మింగదు. ఆ జానెడు అటు జరిగి ఉంటే ఈ ఫైలు ఇంకో రకంగా ఉండేది. హెల్మెట్ లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒక పక్క నలిగి పలచబడింది, లోపలి నుంచి పగులు ఉంది. అంటే అది చెయ్యాల్సిన పని చేసింది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం సైకిల్ హెల్మెట్‌ను చదును దిమ్మె మీద పరీక్షించే వేగం సెకనుకు 5.42 మీటర్లు, అంటే గంటకు 20 కిలోమీటర్ల లోపే. 40లో వస్తున్న కారు గుద్దుడుకు దాన్ని ఎవరూ పరీక్షించలేదు. హెల్మెట్ ఉంది కదా, ఇంత దెబ్బ ఎలా తగిలింది అని అడిగేవాళ్ళకు ఈ అంకె చెప్తాను.

నేల మీద పడినప్పుడు భుజం ఆనింది, కాలర్ బోన్ విరిగింది. కాలులో రాడ్ వేశారు. ఎముకల సంగతి డాక్టర్లు చూసుకున్నారు, నెలలు పట్టినా అతుక్కున్నాయి.

తల సంగతే పేచీ అయింది. ఆస్పత్రికి తెచ్చేటప్పటికి మనిషి మెలకువను అంకెల్లో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్ మీద ఆమెకు 13. సీటీ స్కాన్ నార్మల్. 1974లో వచ్చిన ఆ కొలత ప్రకారం 13 నుంచి 15 వరకు "మైల్డ్" అంటారు. ఇన్సూరెన్స్ వాళ్ళ కాగితంలో అదే మాట పట్టుకున్నారు: స్కాన్ నార్మల్, గాయం మైల్డ్. ఆ మాట మొదటి గంటల్లో మనిషి ఎంత మెలకువగా ఉన్నాడో చెప్తుంది తప్ప, ఆర్నెల్ల తర్వాత ఎలా ఉంటాడో చెప్పదు. ఆమె నాలుగు నెలల తర్వాత కూడా రెండు పేజీలు వరసగా చదవలేకపోయారు. ట్యూబ్‌లైట్ వెలుతురు పడేది కాదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే గది బయటికి వెళ్ళిపోయేవారు. స్కాన్‌లో కనబడనిది లేనట్టే అనడం, సైకిల్ కనబడలేదు కాబట్టి రోడ్డు ఖాళీ అనడం, నాకు ఈ రెండూ ఒకే తప్పులా తోస్తాయి. నా రిపోర్టులో వైద్యం గురించి నేను రాయను, రాయకూడదు. కానీ తలకు తగిలిన దెబ్బ ఎంత వేగంతో, ఏ దిక్కు నుంచి, దేనికి తగిలిందో రాశాను. న్యూరాలజిస్ట్ దాన్ని ఆధారం చేసుకున్నారు.

చట్టం ముందు

ట్రాఫిక్ చట్టం ప్రతి దేశానికీ వేరే. కానీ చాలా దేశాల నియమాలకు 1968 వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం మూలం కాబట్టి, నా మాటలు దాని చుట్టూ పెట్టుకుంటాను. అందులో "డ్రైవరు" అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే సైకిల్ తొక్కేవాళ్ళు ఉన్నారు. నాకు ఇది చాలా ముఖ్యం. సైకిల్ మీద ఉన్న మనిషి రోడ్డు మీదకు వచ్చిన అతిథి కాదు, కారు డ్రైవరుతో సమానంగా డ్రైవరే. దారి ఇవ్వడం అంటే ఏమిటో కూడా అందులో ఉంది: నువ్వు ముందుకెళ్ళడం వల్ల అవతలి డ్రైవరు ఒక్కసారిగా వేగమో దిక్కో మార్చుకోవాల్సి వచ్చేట్టుంటే, నువ్వు వెళ్ళకూడదు. కూడలి దగ్గరికి వచ్చేటప్పుడు, హక్కు ఉన్న వాహనాల కోసం ఆగగలిగే వేగంలో ఉండాలని 18వ అధికరణం చెప్తుంది.

"కనబడితేనే దారి ఇవ్వాలి" అని ఎక్కడా లేదు. ఎవరూ లేరని తెలిశాకే వెళ్ళాలని దాని భావం. ఖాళీగా కనబడటం, ఖాళీ అని తెలుసుకోవడం ఒకటి కాదు. పిల్లర్ తన కారులో ఉన్నదే, డ్రైవరు రోజూ దాని పక్కనే కూర్చుంటాడు. దాని చాటున ఏముందో చూసే బాధ్యత పిల్లర్‌ది కాదు, అవతలి మనిషిదీ కాదు.

కోర్టులో ఇన్సూరెన్స్ తరఫు లాయరు అడిగిన ప్రశ్న ఒకటి పదునైనది. "సైకిల్‌కి పిల్లర్ లేదు కదా. ఆమెకు కారు కనబడుతూనే ఉంది. బ్రేకు వేసి ఉండొచ్చు కదా?" ఆమె తప్పు కొంత ఉందని తేలితే పరిహారంలో ఆ మేరకు కోత పడుతుంది. ప్రశ్న న్యాయమైనదే, అందుకే ముందే లెక్క వేసి ఉంచాను. 24 వేగంలో ఉన్న సైకిల్ ఆగడానికి, స్పందించే సెకనుతో కలిపి, దాదాపు 12 మీటర్లు కావాలి. అంటే గుద్దడానికి 1.8 సెకన్ల ముందే ఆమె నిర్ణయం తీసుకోవాలి. ఆ క్షణానికి కారు ఎక్కడుంది? గుద్దిన చోటుకు 20 మీటర్ల దూరంలో. అప్పటికే చూసి ఉన్న డ్రైవరు అక్కడి నుంచి కాస్త గట్టిగా బ్రేకు వేస్తే హాయిగా ఆగుతుంది. ఆ క్షణంలో ఆమె కళ్ళకు కనబడింది, గివ్ వే బోర్డు వైపు వస్తున్న, ఇంకా ఆగగలిగిన కారు. ఆగదని తెలిసే సమయానికి ఆమె ఆగే దూరం దాటిపోయింది. అవతలివాళ్ళు నియమం పాటిస్తారని నమ్మే హక్కు రోడ్డు మీద ప్రతివాళ్ళకీ ఉంటుందని ఆస్ట్రియా తన ట్రాఫిక్ చట్టంలోనే రాసుకుంది. ఆ నమ్మకం లేకపోతే ఆకుపచ్చ దీపం దగ్గర కూడా ఎవరూ కదలలేరు.

ఈ వాదనంతా అక్కర్లేని దేశాలూ ఉన్నాయి. నెదర్లాండ్స్ రోడ్డు చట్టం 185వ అధికరణం ప్రకారం, మోటారు వాహనం సైకిల్‌ను గుద్దితే, తప్పించుకోలేని పరిస్థితి అని రుజువు చేసుకోవాల్సింది వాహనం యజమానే. పద్నాలుగేళ్ళలోపు పిల్లలైతే పరిహారంలో దాదాపు కోతే ఉండదు. ఫ్రాన్స్‌లో 1985 నాటి బదాంతేర్ చట్టం కూడా గాయపడ్డ సైకిలిస్టు వైపే నిలబడుతుంది. బ్రిటన్‌లో తప్పు రుజువు చెయ్యాల్సింది ఇప్పటికీ గాయపడ్డవాళ్ళే, కానీ 2022 జనవరిలో హైవే కోడ్ మార్చి, ఎక్కువ హాని చెయ్యగలిగిన వాహనానికి ఎక్కువ బాధ్యత అని రాశారు. నా అభిప్రాయం దాచుకోను, డచ్ పద్ధతి సరైనదని నమ్ముతాను. జీపీఎస్ మీటరు లేకపోయుంటే, డాష్‌క్యామ్ ఉన్న కారు అక్కడ ఆగకపోయుంటే, జ్ఞాపకం పోయిన మనిషి ఏమని రుజువు చేస్తుంది?

రిపోర్టులో నేను తేల్చి రాసినవి రెండు. ఒకటి, డ్రైవరుకు సైకిల్ కనబడలేదన్నది నమ్మదగినది, దానికి కారణం పిల్లర్, స్థిరమైన కోణం, పొదలు. రెండు, గివ్ వే దగ్గర మామూలుగా పాటించాల్సిన వేగంలో ఒక్కసారి తల కదిపి చూసి ఉంటే సైకిల్ కనబడేది, ఆగడానికి చోటు ఉండేది. రెండూ ఒకే పేజీలో రాయాలని పట్టుబట్టాను. మొదటిది మాత్రమే చదివి డ్రైవరును వదిలేసే ప్రమాదం ఉంది. రెండోది మాత్రమే చదివితే ఆ కూడలి అలాగే ఉండిపోతుంది. కోర్టు నిర్లక్ష్యం అని తేల్చింది, ఇంతకన్నా పెద్ద నేరం కాదంది. ఆమె పరిహారంలో కోత పెట్టలేదు.

తర్వాత

తీర్పుకు ముందే రోడ్ల శాఖకు విడిగా ఒక నోట్ పంపాను. పొదలు నడుము ఎత్తుకు కొట్టేశారు. గివ్ వే బోర్డు తీసి స్టాప్ బోర్డు పెట్టారు. కారు పూర్తిగా ఆగితే స్థిరమైన కోణం అనేదే ఉండదు. నేను అడిగిన ఇంకోటి, కూడలికి ముందు రోడ్డును కాస్త వంకర తిప్పి కార్లు సహజంగానే నెమ్మదించేట్టు చెయ్యడం. అది ఇంకా కాగితాల్లోనే ఉంది. బోర్డును నమ్మడం కన్నా వంకరను నమ్ముతాను, కాబట్టి ఆరు నెలలకోసారి అడుగుతూనే ఉన్నాను.

డ్రైవరు కోర్టు వరండాలో నా దగ్గరకొచ్చి, "మీరు నన్ను అబద్ధాలకోరుగా రాయలేదు, చాలండీ" అన్నారు. ఆయన ఇప్పుడు బండి నడపడం మానేశారట. మానెయ్యమని నేను చెప్పలేదు. ముందుకు వంగి చూడమన్నాను.

ఆమె కేసు ముగిశాక కర్ర సాయంతో మా ఆఫీసుకు వచ్చారు. ఆ రోజు ఏం జరిగిందో తనకు తెలియదు కాబట్టి, తెలిసినవాళ్ళు చూపించాలన్నారు. పరీక్ష రోజు డ్రైవరు సీట్లోంచి తీసిన ఫొటోలు బల్ల మీద వరసగా పెట్టాను. మూడు సెకన్ల ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ట్యూబ్‌లైట్ ఆపేసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఇందులో నేనెక్కడున్నానండీ?"

పిల్లర్ మీద వేలు పెట్టాను. ఆమె కూడా అక్కడ వేలు పెట్టి చూశారు. తర్వాత రెండోది, ముందుకు వంగి తీసిన ఫొటో ఇచ్చాను. అందులో మా జూనియర్ చెయ్యి ఊపుతున్నాడు. రెండింటి కాపీలూ అడిగి తీసుకెళ్ళారు.